రెండు నెట్ కనెక్షన్లు కలిపినా వేగం ఎందుకు పెరగదు?

ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. పక్కన 30 ఎంబీపీఎస్ ఇచ్చే 4జీ డాంగిల్ ఉంది. రెండూ కలిస్తే 130 రావాలని అందరూ వేసే లెక్క. తీరా డ్యూయల్ వాన్ రూటర్ (రెండు నెట్ లైన్లు తగిలించుకోగల రూటర్) కొని, రెండు తీగలూ గుచ్చి, పెద్ద ఫైలొకటి దింపితే 100 దాటదు. పోనీ అని రెండు దారులనూ నిజంగానే ఒకే కనెక్షన్ కింద కలిపితే ఒక్కోసారి 40కి పడిపోతుంది. ఈ రెండు నిరాశలకూ కారణాలు వేరు. మొదటిది తేలిగ్గా అర్థమవుతుంది. రెండోదే అసలు చిక్కు, ఈ టపాలో ఎక్కువ భాగం దాని గురించే.

రూటర్ సంగతి ముందు చూద్దాం. లోడ్ బ్యాలెన్సింగ్ అని పెట్టె మీద రాసినా, ఆ రూటర్ పంచేది కనెక్షన్లనే, ఒక కనెక్షన్‌లోని ప్యాకెట్లను కాదు. మీ చిరునామా, అవతలి చిరునామా, పోర్టు నంబర్లు చూసి ఈ కనెక్షన్ ఫైబర్ మీద, ఆ కనెక్షన్ 4జీ మీద అని ఒకసారి తేల్చేస్తుంది. ఇక అది ముగిసేదాకా ఆ దారే. ఇంతకన్నా దానికి గత్యంతరం లేదు. ఫైబర్ మీద వెళ్తే మీ పబ్లిక్ ఐపీ ఒకటి, 4జీ మీద వెళ్తే మరొకటి. సగం ప్యాకెట్లు వేరే ఐపీ నుంచి వస్తే సర్వర్ వాటిని అదే సంభాషణగా గుర్తించదు, పారేస్తుంది. టారెంట్లూ, ఫైలును ముక్కలుగా దింపే డౌన్‌లోడ్ మేనేజర్లూ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తాయి కాబట్టి వాటికి రెండు లైన్లూ ఉపయోగపడతాయి. ఒకే ఫైలు, ఒకే బ్యాకప్, ఒకే వీడియో కాల్ అయితే ఒక్క లైనే. ఆఫీసుల్లో స్విచ్‌ల మధ్య తీగలను కట్టగట్టడానికి వాడే ఎల్‌ఏసీపీ అనే పద్ధతి కూడా ఇంతే. నాలుగు 1 జీబీపీఎస్ తీగలు కట్టగట్టినా ఒక్క కాపీకి 1 జీబీపీఎస్‌కి మించి రాదు.

ఒకే కనెక్షన్ రెండు దారుల్లోనూ నడవాలంటే, డేటాను ప్యాకెట్లుగా పంపి వరసలో చేర్చే ప్రోటోకాల్ అయిన టీసీపీకే ఆ సంగతి తెలియాలి. దాని కోసం పుట్టిందే మల్టీపాత్ టీసీపీ, పొట్టిగా ఎంపీటీసీపీ. తొలి రూపం 2013 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 6824గా వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్న వెర్షన్ 1 మార్చి 2020 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8684. యాపిల్ 2013లో ఐఓఎస్ 7తోనే తన వాయిస్ అసిస్టెంట్ 'సిరి'కి దీన్ని వాడింది. ఇంట్లోంచి బయటికి నడుస్తుంటే వైఫై సన్నగిల్లినా మాట మధ్యలో తెగకూడదన్నది అక్కడి అవసరం. అదే ఏడాది బెల్జియంలోని లూవాన్ కాథలిక్ విశ్వవిద్యాలయం బృందం ఆరు 10 జీబీపీఎస్ లైన్ల మీద ఒకే కనెక్షన్‌తో 51.8 జీబీపీఎస్ సాధించింది. 2015లో కొరియా టెలికామ్ ఎల్‌టీఈనీ వైఫైనీ కలిపి ఫోన్లకే ఇచ్చింది. లినక్స్ అసలు కోడ్ (మెయిన్‌లైన్) లోకి ఎంపీటీసీపీ 2020లో 5.6 కెర్నల్‌తో అడుగుపెట్టింది.

పనిచేసే తీరు ఇది. మొదటి కనెక్షన్ తెరిచేటప్పుడు టీసీపీ హెడర్‌లో 'నాకు ఎంపీటీసీపీ వచ్చు' అనే ఆప్షన్ వెళ్తుంది. అవతలివాడు 'నాకూ వచ్చు' అంటే ఇద్దరూ తాళంచెవులు మార్చుకుంటారు. తర్వాత రెండో ఇంటర్‌ఫేస్ నుంచి ఇంకో టీసీపీ కనెక్షన్ తెరిచి, ఆ తాళంచెవితో 'నేను పాతవాడినే' అని రుజువు చూపిస్తే అది మొదటిదానికి జతవుతుంది. ఇలా జతైన ఒక్కో దారినీ సబ్‌ఫ్లో అంటారు. ప్రతి సబ్‌ఫ్లోకీ తనదైన సీక్వెన్స్ నంబర్లుంటాయి. వాటిపైన మొత్తం డేటాకు మరో వరస నంబర్లుంటాయి. అవతల ఈ పై నంబర్లు చూసే ముక్కలను వరసలో పేర్చి అప్లికేషన్‌కు అందిస్తారు.

ఆ 'వరసలో' అన్న మాట దగ్గరే అంతా ఉంది.

పంక్తి భోజనంలో అందరి విస్తళ్లలోనూ వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద ఎత్తరు. వడ్డించేవాళ్లలో ఒకరు నెమ్మది అయితే మిగతావాళ్లు ఎంత చురుకైనా పంక్తి ఆగుతుంది. 4జీ మీద వెళ్లిన ఒక ప్యాకెట్ ఇంకా రాకపోతే, దాని తర్వాతి నంబర్లున్న వందల ప్యాకెట్లు ఫైబర్ మీద ఎప్పుడో వచ్చేసినా సరే, రిసీవ్ బఫర్‌లో (వచ్చిన డేటాను కాసేపు నిలిపి ఉంచే మెమరీలో) కూర్చుని ఎదురుచూడాలి. బఫర్ నిండితే అవతలివాడు పంపడమే ఆపేస్తాడు. ఫైబర్ ఖాళీగా ఉంటుంది.

లెక్క వేసి చూడండి. చాలా లినక్స్ కెర్నళ్లలో టీసీపీ రిసీవ్ బఫర్ గరిష్ఠం మామూలుగా 6 ఎంబీ (మెగాబైట్లు). పాత కెర్నళ్లలో అందులో సుమారు సగమే విండోగా (ఒకేసారి ఇంతవరకే పంపొచ్చనే హద్దుగా) ప్రకటిస్తారు, అంటే 3 ఎంబీ. 4జీ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఆర్‌టీటీ (ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం) 60 మిల్లీసెకన్లు ఉండొచ్చు. దాన్ని పూర్తిగా నింపితే టవర్ దగ్గరి క్యూలో ప్యాకెట్లు పేరుకుని 600కి చేరడం మామూలే. ఆ 600 మిల్లీసెకన్లలో రెండు దారుల మీదా కలిపి గాల్లో ఉండగలిగేది 3 ఎంబీ. 3 ఎంబీని 0.6 సెకన్లతో భాగిస్తే సెకనుకు 5 ఎంబీ, బైటుకు 8 బిట్లు కాబట్టి 40 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). ఒక్క ఫైబరే 100 ఇచ్చేచోట రెండూ కలిపితే 40! ఎక్కడా ఏదీ చెడిపోలేదు, సెట్టింగ్ తప్పు కాదు, ప్యాకెట్ పోలేదు.

ఆగకుండా నడవాలంటే కావలసిన బఫర్‌కు వాడే సూత్రం: అన్ని దారుల వేగాల మొత్తాన్ని అన్నింటిలోకీ పెద్ద ఆర్‌టీటీతో గుణించాలి. మళ్లీ పంపాల్సి వచ్చే ప్యాకెట్ల కోసం దాన్ని రెట్టింపు చేయాలి. 130 ఎంబీపీఎస్, 0.6 సెకన్లు అంటే 78 మెగాబిట్లు, అంటే 9.75 ఎంబీ. రెట్టింపు 19.5 ఎంబీ. 6 ఎంబీ బఫర్ దీనికి చాలదు. అదే 4జీ ఆర్‌టీటీని 100 మిల్లీసెకన్ల దగ్గర పట్టి ఉంచగలిగితే అవసరం 1.6 ఎంబీ, రెట్టింపు చేసినా దాదాపు 3.2. ఉన్న బఫర్‌తోనే పని జరిగిపోతుంది. అందుకే రెండో లైన్ ఎన్ని ఎంబీపీఎస్ ఇస్తుందని కాదు, భారం పడినప్పుడు దాని ఆర్‌టీటీ ఎంతకు పోతుందని ముందు అడగాలి.

కాబట్టి కలపడానికి ముందు కొలవండి. టెర్మినల్‌లో కొట్టేవన్నీ ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను, మీరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకోవాలి. ఒక కిటికీలో 4జీ ఇంటర్‌ఫేస్ నుంచి పింగ్ నడపండి. ఇంకో కిటికీలో అదే ఇంటర్‌ఫేస్ మీద వేగం కొలిచే ఐపర్ఫ్3 తో 30 సెకన్లు దింపండి, తర్వాత 30 సెకన్లు ఎక్కించండి. ఖాళీగా ఉన్నప్పటి పింగ్, భారం మీద పింగ్, వేగం, ఈ మూడూ రాసుకోండి. ఫైబర్‌కీ ఇదే. సాయంత్రం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఇంకోసారి కొలవండి. 4జీ టవర్ పొద్దున చూపించే ముఖం వేరు, రాత్రి చూపించేది వేరు.

ఇప్పుడు ఏర్పాటు. రెండు చివరలా ఎంపీటీసీపీ ఉండాలి. మామూలు వెబ్‌సైట్లలో చాలావాటికి లేదు కాబట్టి ఆచరణలో మధ్యలో మీదైన వీపీఎస్ (అద్దెకు తీసుకునే చిన్న సర్వర్) ఒకటి పెట్టుకుని, ఇంటి నుంచి అక్కడిదాకా రెండు దారులు, అక్కడి నుంచి బయటికి ఒక దారి అన్నట్టు నడపాలి. రూటర్ల కోసం ఉన్న ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ మీద కట్టిన ఓపెన్‌ఎంపీటీసీపీరూటర్ ఈ మొత్తం పనికి సిద్ధంగా ఉన్న సరంజామా. వీపీఎస్‌ను దగ్గర్లో తీసుకోండి. ట్రాఫిక్ అంతా దాని మీదుగానే తిరిగి వెళ్తుంది కాబట్టి మన రాష్ట్రాలవాళ్లకు హైదరాబాద్ లేదా ముంబై డేటా సెంటర్ నయం. చవకని యూరప్‌లో తీసుకుంటే కొన్ని డాలర్లు మిగులుతాయి కానీ ప్రతి క్లిక్కూ సముద్రం దాటి రావాలి.

లినక్స్ పీసీలో చేతితో చేసుకునేవాళ్లకు, ఫైబర్ వైపు ఈటీహెచ్0 మీద 192.168.1.10, 4జీ డాంగిల్ యూఎస్‌బీ0 మీద 192.168.8.100 అనుకుందాం. మొదట చూడాల్సింది ఈ రెండు నెట్‌వర్కులూ వేరువేరుగా ఉన్నాయా అని. చాలా రూటర్లు ఫ్యాక్టరీ నుంచే 192.168.1 తో వస్తాయి. రెండూ అదే అయితే ఒకదాన్ని మార్చనిదే ముందుకు వెళ్లొద్దు.

తర్వాత, ఏ చిరునామా నుంచి బయల్దేరిన ప్యాకెట్ ఆ లైన్ మీదే పోవాలి. దీనికి ఒక్కో లైన్‌కూ ఒక్కో రూటింగ్ టేబుల్:

ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 192.168.8.100 టేబుల్ 102
ఐపీ రూట్ యాడ్ 192.168.8.0/24 డెవ్ యూఎస్‌బీ0 స్కోప్ లింక్ టేబుల్ 102
ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.8.1 డెవ్ యూఎస్‌బీ0 టేబుల్ 102

ఈటీహెచ్0కు ఇవే మూడు, టేబుల్ 101తో. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఈ మెట్టు దాటేస్తే రెండో సబ్‌ఫ్లో 4జీ చిరునామా పెట్టుకుని ఫైబర్ లైన్ మీద బయల్దేరుతుంది. ఫైబర్ రూటర్ ఆ చిరునామా తన నెట్‌వర్క్‌ది కాదని పారేస్తుంది, లేదా తన ఐపీగా మార్చి పంపేస్తుంది. రెండో సందర్భం మరీ మోసం. రెండు సబ్‌ఫ్లోలు కనిపిస్తాయి, రెండూ ఫైబర్ మీదే ఉంటాయి, 4జీ మీద చుక్క కూడా పోదు.

ఆపైన ఎంపీటీసీపీకి చెప్పాలి:

ఐపీ ఎంపీటీసీపీ లిమిట్స్ సెట్ సబ్‌ఫ్లో 2 యాడ్_ఏడీడీఆర్_యాక్సెప్టెడ్ 2
ఐపీ ఎంపీటీసీపీ ఎండ్‌పాయింట్ యాడ్ 192.168.1.10 డెవ్ ఈటీహెచ్0 ఐడీ 1 సబ్‌ఫ్లో
ఐపీ ఎంపీటీసీపీ ఎండ్‌పాయింట్ యాడ్ 192.168.8.100 డెవ్ యూఎస్‌బీ0 ఐడీ 2 సబ్‌ఫ్లో

ఇక్కడ లిమిట్ అంటే మొదటి కనెక్షన్ కాక అదనంగా ఎన్ని అని. సర్వర్ వైపు కూడా సబ్‌ఫ్లో లిమిట్ సున్నా కాకుండా చూడాలి. ఎండ్‌పాయింట్లు క్లయింట్ వైపు చాలు. మన ఇళ్లలో కనెక్షన్లు ఎక్కువగా ఐఎస్‌పీ నాట్ (చాలా ఇళ్లకు ఒకే పబ్లిక్ ఐపీని పంచే ఏర్పాటు) వెనకే ఉంటాయి, లోపలి నుంచి బయటికి తెరిచే సబ్‌ఫ్లోలకు దానితో ఇబ్బంది లేదు.

అప్లికేషన్ సాకెట్ తెరిచేటప్పుడే ఎంపీటీసీపీ అడగాలి, ప్రోటోకాల్ నంబర్ 262. అడగని పాత ప్రోగ్రామ్‌లకు ఎంపీటీసీపీఐజ్ అనే పనిముట్టు ఉంది. కమాండ్ ముందు 'ఎంపీటీసీపీఐజ్ రన్' పెడితే అది సాకెట్ పిలుపును మధ్యలో పట్టి మారుస్తుంది. ఇది లైబ్రరీని ముందుగా ఎక్కించే చిట్కా కాబట్టి గో భాషలో రాసినవాటి మీదా, స్టాటిక్‌గా కట్టినవాటి మీదా పనిచేయదు. గోలో 1.21 నుంచి సొంత మద్దతు ఉంది, 1.24 నుంచి సర్వర్ వైపు అది అప్రమేయంగానే తెరుచుకుంటుంది.

నడిచిందో లేదో చూడ్డానికి 'ఎస్ఎస్ మైనస్ పెద్ద ఎం'. అంతకన్నా ఎన్‌స్టాట్ అనే కమాండ్ చూపించే కౌంటర్లు నిజం చెబుతాయి. ఎంపీక్యాపబుల్ సిన్‌టీఎక్స్ (మనం 'నాకు వచ్చు' అని పంపినవి) పెరుగుతూ సిన్‌యాక్‌ఆర్‌ఎక్స్ (అవతలి నుంచి 'నాకూ వచ్చు' అని వచ్చినవి) పెరగకపోతే అవతల మద్దతు లేదు, లేదా మధ్యలో ఏదో పెట్టె ఆప్షన్‌ను చెరిపేస్తోంది. అప్పుడు కనెక్షన్ మామూలు టీసీపీగా సాగుతుంది, తెగదు. ఈ జాగ్రత్త ప్రోటోకాల్ కట్టినవాళ్ల గొప్పతనం. మొదటిది కుదిరి, రెండో సబ్‌ఫ్లో జతకు వచ్చిన జవాబులను లెక్కించే ఎంపీజాయిన్ సిన్‌యాక్‌ఆర్‌ఎక్స్ మాత్రం సున్నా దగ్గరే ఉంటే రూటింగ్ టేబుళ్లను మళ్లీ చూడండి. అవి సరిగ్గా ఉంటే సర్వర్ ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉందేమో చూడండి. రెండో సబ్‌ఫ్లో వేరే ఐపీ నుంచి వస్తుంది కాబట్టి బ్యాలెన్సర్ దాన్ని వేరే మెషీన్‌కు తోస్తుంది. ఆ మెషీన్‌కు ఈ తాళంచెవి సంగతి తెలియదు, రీసెట్ కొడుతుంది.

ఇక ఆలస్యాన్ని అదుపు చేసే పని. ఏ ప్యాకెట్ ఎటు పంపాలన్నది లినక్స్ షెడ్యూలర్ ప్రతి సబ్‌ఫ్లోలో పేరుకున్న బైట్లను ఆ దారి పంపే రేటుతో భాగించి, త్వరగా ఖాళీ అయ్యేదాన్ని ఎంచుకుంటుంది. మంచి పద్ధతే. కానీ అది లెక్కపెట్టేది తన మెషీన్‌లోని క్యూని, టవర్ దగ్గర కూడిన క్యూని కాదు. కాబట్టి ఆ క్యూ అక్కడ కూడకుండా మనమే చూడాలి. ఎక్కింపు (అప్‌లోడ్) వైపు డాంగిల్ ఇంటర్‌ఫేస్ మీద కేక్ అనే లినక్స్ క్యూ నియంత్రణ పెట్టి, సాయంత్రం కొలిచిన వేగంలో 80 నుంచి 85 శాతం దగ్గర కట్టేయండి. సాయంత్రం ఎక్కింపు 10 ఎంబీపీఎస్ వచ్చిందనుకుంటే:

టీసీ క్యూడిస్క్ రీప్లేస్ డెవ్ యూఎస్‌బీ0 రూట్ కేక్ బ్యాండ్‌విడ్త్ 8ఎంబిట్

ఎంబిట్ అనే రాయాలి. టీసీలో ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబైట్లు. పొరపాటున అలా రాస్తే 8 కాస్తా 64 అవుతుంది, కేక్ ఉన్నా లేనట్టే. దిగుమతి (డౌన్‌లోడ్) వైపు ఐఎఫ్‌బీ అనే ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్ ద్వారా ఇదే చేయాలి, లేదా వీపీఎస్‌లో కంజెషన్ కంట్రోల్‌ను (ఎంత వేగంగా పంపాలో తేల్చే పద్ధతిని) బీబీఆర్ అనేదానికి మార్చాలి. పంపేవాడి వైపు ఏది ఉంటే అదే లెక్క కాబట్టి మీ పీసీలో బీబీఆర్ పెట్టి డౌన్‌లోడ్ బాగుపడుతుందని చూడొద్దు. 4జీ వేగం నిమిషానికోలా మారుతుంది కనుక దిగుమతికి నేను బీబీఆర్ వైపే మొగ్గుతాను. అంకె కట్టేసే కేక్ ఎక్కింపుకు బాగా పనిచేస్తుంది.

బఫర్ పెంచడం దీని తర్వాతి పని. టీసీపీ_ఆర్‌మెమ్, టీసీపీ_డబ్ల్యూమెమ్ (అందుకునే, పంపే బఫర్ల సెట్టింగులు) రెండింటిలోనూ మూడో అంకెను 16777216 చేయండి, రెండు చివరలా. క్యూని తగ్గించకుండా ఇది మాత్రమే చేస్తే వేగం కొంత పెరుగుతుంది, కానీ డేటా అర సెకను ఆలస్యంగా, ముద్దలు ముద్దలుగా దిగుతుంది. ఫైలు కాపీకి పరవాలేదు, వీడియో కాల్‌కు నరకం.

బఫర్లన్నీ పెంచినా ఎస్ఎస్‌హెచ్ (సురక్షిత రిమోట్ కనెక్షన్) మీద ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ ముందుకు కదలకపోతే ఎంపీటీసీపీని తిట్టకండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తన ఛానల్‌కు సొంత విండో పెట్టుకుంటుంది, అది సుమారు 2 ఎంబీ. 600 మిల్లీసెకన్ల ఆలస్యం మీద 2 ఎంబీ అంటే 28 ఎంబీపీఎస్ లోపే. ఇక్కడ కూడా మందు ఆలస్యాన్ని తగ్గించడమే. లేదంటే నాలుగు ఆర్‌సింక్‌లు ఒకేసారి వేరువేరు ఫోల్డర్ల మీద నడపాలి.

అసలు లైన్ల మీద ప్రయోగాలు చేసేముందు ఒకే మెషీన్‌లో రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (విడివిడి నెట్‌వర్కులు), వాటి మధ్య రెండు వెత్ జతలు (ఉత్తుత్తి తీగలు), వాటి మీద నెటెమ్ అనే పనిముట్టుతో ఆలస్యం, రేటు పెట్టి చూడొచ్చు. నెటెమ్ క్యూ మామూలుగా 1000 ప్యాకెట్లు. 1500 బైట్ల ప్యాకెట్లయితే 1.5 ఎంబీ, 30 ఎంబిట్ రేటు మీద 400 మిల్లీసెకన్ల క్యూ. 4జీని అనుకరించడానికి అదే సరిగ్గా సరిపోతుంది. అయితే వెత్ మీద ఒక్కో ప్యాకెట్ 64 కేబీ దాకా ఉబ్బి వస్తుంది, అప్పుడు క్యూ నలభై రెట్లు పెరిగి ఫలితాలన్నీ పనికిరాకుండా పోతాయి. ఈథ్‌టూల్‌తో, ప్యాకెట్లను ఇలా ఉబ్బించే టీఎస్‌ఓ, జీఎస్‌ఓ రెండూ ఆఫ్ చేశాకే కొలవండి.

వేగం కన్నా తెగకుండా ఉండడమే ముఖ్యమైతే 4జీ ఎండ్‌పాయింట్‌కు బ్యాకప్ అనే జెండా తగిలించండి. ఫైబర్ బతికున్నంతసేపూ దాని మీద డేటా పోదు. దీన్ని పరీక్షించేటప్పుడు పీసీ వైపు ఈథర్నెట్ తీగ పీకితే సరిపోదు, ఇంటర్‌ఫేస్ పడిపోయిన సంగతి కెర్నల్‌కు వెంటనే తెలిసిపోతుంది. నిజ జీవితంలో వీధి చివర ఎవరో తవ్వితే ఫైబర్ తెగుతుంది, మీ రూటర్, మీ ఐపీ మాత్రం పచ్చగా ఉంటాయి. అందుకని ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) నుంచి ఆకుపచ్చ మూతి ఉన్న ఫైబర్ తీగను తీయండి. కంటికి ఎదురుగా పెట్టుకుని చూడొద్దు, దుమ్ము పడకుండా మూత పెట్టండి. కాపీ కొద్దిసేపు ఆగి 4జీ మీద మళ్లీ కదలాలి. ఎంతసేపు ఆగుతుందన్నది స్టేల్_లాస్_సీఎన్‌టీ అనే కెర్నల్ సెట్టింగ్ మీద కొంత ఆధారపడుతుంది, మామూలు విలువ 4.

చివరగా మన ప్రీపెయిడ్ సిమ్‌ల సంగతి. రోజువారీ కోటా 1.5 జీబీ, 2 జీబీ అయిపోగానే లైన్ తెగదు, చాలా ప్లాన్లలో 64 కేబీపీఎస్‌కు పడుతుంది. తెగి ఉంటే ఎంతో బాగుండేది. 64 కేబీపీఎస్ మీద ఒక్క 1500 బైట్ల ప్యాకెట్ వెళ్లడానికే 187 మిల్లీసెకన్లు. సబ్‌ఫ్లో మొదట్లో పంపే పది ప్యాకెట్లకు దాదాపు 1.9 సెకన్లు. ఆ పదీ వచ్చేదాకా ఫైబర్ మీద వచ్చినదంతా పంక్తిలో కూర్చోవాల్సిందే. కాబట్టి కలిపిన దారిని విడదీసే పని కూడా ఏర్పాటులో భాగమే. డేటా వాడకం లెక్కపెట్టే వీఎన్‌స్టాట్‌తో యూఎస్‌బీ0 మీద ఆ రోజు వాడకాన్ని ఐదు నిమిషాలకోసారి చూసి, కోటాలో 90 శాతం దాటగానే ఈ వరస నడిపే చిన్న స్క్రిప్టును క్రాన్‌లో (వేళకు పనులు నడిపే లినక్స్ సౌకర్యంలో) పెట్టండి:

ఐపీ ఎంపీటీసీపీ ఎండ్‌పాయింట్ డిలీట్ ఐడీ 2

4జీ సబ్‌ఫ్లో మూసుకుంటుంది, నడుస్తున్న కాపీ ఫైబర్ మీద అలాగే సాగుతుంది. అర్ధరాత్రి కోటా మళ్లీ మొదలయ్యాక, 12 గంటల 5 నిమిషాలకు ఎండ్‌పాయింట్‌ను తిరిగి చేర్చే వరస ఇంకొకటి.